బులెటిన్ అంకె, రిజిస్టర్ అంకె

2020 మే 1న కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన జాబితాలో దేశంలోని జిల్లాలన్నీ కోవిడ్ తీవ్రతను బట్టి మూడు రంగుల్లోకి సర్దుకున్నాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాల్లో ఐదింటికి ఎరుపు, ఏడింటికి నారింజ రంగు పడ్డాయి. పచ్చ రంగు దక్కింది ఒక్క విజయనగరానికే. జిల్లాలోని చీపురుపల్లి, గరివిడి, గుర్ల, మెరకముడిదాం మండలాలన్నీ ఆ పచ్చ రంగులోనే ఉన్నాయి. అప్పటికి జిల్లాలో ఒక్క కోవిడ్ కేసూ నమోదు కాలేదు. మే మొదటి వారంలో తొలి కేసులు బయటపడ్డాక కూడా రాష్ట్ర ప్రభుత్వం రోజూ ఇచ్చే కోవిడ్ బులెటిన్‌లో విజయనగరం పేరు చాలాకాలం అట్టడుగు వరసల్లోనే కనిపించింది. ఆ వేసవీ ఆ వర్షాకాలమూ గడిచాయి. సెప్టెంబరు రెండో వారంలో రాష్ట్ర ప్రభుత్వమే 13 జిల్లాల్లో చేయించిన సీరో సర్వే ఫలితాలు వచ్చాయి. రక్తంలో కోవిడ్ యాంటీబాడీలున్నవాళ్లు ఎంతమందో చెప్పే సర్వే అది. రాష్ట్ర సగటు 19.7 శాతం. పశ్చిమ గోదావరిలో 12.3, శ్రీకాకుళంలో 21.5, కర్నూలులో 28.1 శాతం తేలాయి. అన్నిటికంటే పైన 30.6 శాతంతో నిలిచింది విజయనగరం.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి విజయనగరం జిల్లా జనాభా 23.44 లక్షలు. సర్వే చెప్పిన 30.6 శాతాన్ని జనాభా అంతటికీ వర్తింపజేస్తే ఏడు లక్షల మందికి పైగా అప్పటికే వైరస్ సోకి తగ్గిపోయిందన్నమాట. బులెటిన్ ప్రకారం జిల్లా మొత్తం కేసులు ఆనాటికి అర లక్షకు కూడా చేరలేదు. రాష్ట్రం మొత్తాన్ని తీసుకున్నా సంగతి ఇంతే. అయిదు కోట్ల జనంలో 19.7 శాతమంటే దాదాపు కోటి మంది, బులెటిన్‌లో ఉన్నది 5.37 లక్షల మంది. సోకిన ప్రతి పద్దెనిమిది మందిలో ఒక్కరే లెక్కకు ఎక్కారు. కేసులు తక్కువగా ఉన్న చోట వ్యాధి తక్కువగా ఉందని అనుకోవడం అందరూ చేసే పని. పత్రికలు చేశాయి, అధికారులు చేశారు, ఇళ్లల్లో టీవీ ముందు కూర్చున్న జనమూ చేశారు. మహమ్మారి కాలపు అంకె ముందుగా చెప్పేది లెక్కపెట్టే యంత్రాంగం చూపు ఎంతదూరం ఆనిందన్న సంగతి. వ్యాధి సంగతి ఆ తర్వాతే. ఈ వరసను తలకిందులు చేసుకుంటే ఏ దేశపు గణాంకాలైనా మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

కేసు ఎలా తయారవుతుందో దగ్గరగా చూస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. చీపురుపల్లి చుట్టుపక్కల ఒక పల్లెలో కూలికెళ్లే మనిషికి జ్వరమొస్తుంది. మొదట ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి రెండు రోజులకు మాత్రలు తెచ్చుకుంటాడు. తగ్గితే మళ్లీ పనిలోకి పోతాడు, అతనికి వైరస్ సోకిన సంగతి ఏ కాగితం మీదా పడదు. తగ్గకపోతే ఆశ కార్యకర్తకో ఏఎన్ఎంకో తెలుస్తుంది. తెలిసినా పరీక్షకు రావడం అతని ఇష్టం. పాజిటివ్ వస్తే ఇల్లంతా క్వారంటైన్, వీధికి కంచె, పది పదిహేను రోజుల కూలి నష్టం. అన్నీ దాటి శాంపిల్ ఇచ్చినా, ముక్కులోంచి సరిగా తీయకపోయినా, ఆలస్యంగా తీసినా ఆర్‌టీపీసీఆర్‌లో వైరస్ చిక్కకపోవచ్చు. త్వరగా ఫలితమిచ్చే యాంటిజెన్ కిట్‌లో చిక్కకపోయే అవకాశం ఇంకా ఎక్కువ. ఒంట్లో ఏ బాధా లేకుండానే సోకి పోయినవాళ్లు అసలు ఈ దారిలో అడుగే పెట్టరు. ఇన్ని మెట్లూ ఎక్కి పైకి చేరినవాడే బులెటిన్‌లో ఒక కేసవుతాడు. అందుకే కేసుల పక్కన ఎన్ని పరీక్షలు చేశారో, వాటిలో నూటికి ఎన్ని పాజిటివ్ అయ్యాయో కూడా చూడాలి. 2021 మే 16న రాష్ట్రంలో 24 వేలకు పైగా కేసులు వచ్చాయి. ఆ రోజు చేసిన పరీక్షలు లక్షకు లోపు. నాలుగింట ఒకటి పాజిటివ్ అవుతోందంటే పరీక్షకు రానివాళ్లలో ఇంకెంతమంది ఉన్నారో ఊహించుకోవాల్సిందే. దేశంలో పరీక్షలు విస్తృతంగా చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందువరసలో ఉంది. వాలంటీర్లూ ఆశ కార్యకర్తలూ ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వేలు చేశారు. అంత చేసిన చోటే పద్దెనిమిదింటిలో ఒకటి దొరికింది.

సీరో సర్వేను మాత్రం ఎందుకు నమ్మాలని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. యాంటీబాడీ పరీక్ష కొన్నిసార్లు లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. శాంపిళ్లు తీసిన పల్లెలు, వార్డులు జిల్లాకు సరైన ప్రతినిధులు కాకపోవచ్చు. అయితే ఇంకో వైపు తప్పు కూడా ఉంది. సోకిన కొన్ని నెలలకు యాంటీబాడీలు తగ్గిపోతాయి కాబట్టి ముందు సోకినవాళ్లు కొందరు సర్వేకు దొరకరు. ఈ రెండూ ఎంతమేరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయో లెక్కగట్టడం కష్టమే. కానీ విజయనగరం అంకెను సగానికి సగం కొట్టేసినా మిగిలేది మూడున్నర లక్షలు. బులెటిన్ అంకెకు అది చాలా రెట్లు పైనే. విజయనగరం కర్నూలును మించిందా లేదా అనేది వాదించుకోవచ్చు. పచ్చ రంగు మాత్రం నిలవదు.

కేసుల లెక్కే ఇలా ఉంటే, దాన్ని హారంగా పెట్టి కట్టే మరణాల శాతం ఎలా ఉంటుంది? మహమ్మారి మొత్తం మీద ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 23 లక్షల కేసులు, 14,733 మరణాలు అధికారికంగా నమోదయ్యాయి. భాగిస్తే నూటికి 0.63. దేశ సగటు దాదాపు 1.2. మన దగ్గర మరణాల రేటు దేశంలో సగమేనని అప్పట్లో గర్వంగా చెప్పుకున్నాం. ఈ భిన్నంలో పై అంకె తగ్గినా, కింది అంకె పెరిగినా శాతం దిగుతుంది. పరీక్షలు ఎక్కువ చేస్తే తేలికపాటి కేసులు బోలెడు చేరి హారం పెరుగుతుంది, అది మంచి పనికి వచ్చిన ఫలితం. మరణాలు లెక్కకు రాకపోతే లవం తగ్గుతుంది, అది చెడ్డ లెక్కకు వచ్చిన ఫలితం. రెండూ కలిసి ఒకే శాతంలో కూర్చుంటే ఏది ఎంతో ఆ శాతాన్ని చూసి చెప్పలేం. కేసుల అంకె వ్యాధి వ్యాప్తికి కొలత కాదనడానికి కేరళ ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. 2021 జూలై చివర దేశంలో వస్తున్న కేసుల్లో దాదాపు సగం కేరళవే. వ్యాధిని అదుపు చేయడంలో ఘోరంగా విఫలమైన రాష్ట్రమని అంతా అన్నారు. అదే వారం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నాలుగో జాతీయ సీరో సర్వే రాష్ట్రాలవారీ ఫలితాలు వచ్చాయి. మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం మందిలో యాంటీబాడీలుంటే, కేరళలో 44.4 శాతం మందిలోనే ఉన్నాయి. బులెటిన్‌లో అందరికంటే పైనున్న రాష్ట్రంలో వైరస్ అందరికంటే తక్కువమందిని తాకింది.

మరణం విషయంలో ఇంత గందరగోళం ఉండదని చాలామంది నమ్మకం. జ్వరాన్ని దాచుకోవచ్చు గానీ చావును దాచలేం గదా అంటారు. నిజమే, మనిషి పోయాడన్న సంగతి దాగదు. దేనివల్ల పోయాడన్నదే తప్పిపోతుంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. మిగతా మూడొంతుల పైచిలుకు చావులకు కాగితం మీద కారణమే లేదు. చీపురుపల్లి మనిషికి ఊపిరి అందకపోతే ముందు ఊళ్లోని ప్రభుత్వాసుపత్రి, అక్కడి నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు దాటి విజయనగరం, లేదా జిల్లా కోవిడ్ ఆసుపత్రిగా నడిచిన నెల్లిమర్ల మిమ్స్, చేయి దాటితే విశాఖలో కేజీహెచ్‌కో విమ్స్‌కో పోవాలి. 2021 మేలో మంచం దొరకక, ఆక్సిజన్ దొరకక దారిలోనో ఇంట్లోనో పోయినవాళ్లకు పరీక్షే జరగలేదు. పరీక్ష జరగని చావు కోవిడ్ చావుగా లెక్కకు రాలేదు. ఆసుపత్రిలో పోయినా, పరీక్ష నెగెటివ్ వచ్చి స్కాన్‌లో ఊపిరితిత్తులు పూర్తిగా పాడైనట్టు కనిపించినవాళ్లు చాలాచోట్ల జాబితాకు ఎక్కలేదు. మధుమేహమో గుండె జబ్బో ఉన్న మనిషి కోవిడ్‌తో పోతే మూలకారణంగా కోవిడే రాయాలని ఐసీఎంఆర్ 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. అనుమానిత కేసులకు కూడా ప్రత్యేక కోడ్ ఉంది. ఆచరణలో రెండూ అరకొరగానే నడిచాయి. దీనికి తోడు మన చట్టం ప్రకారం చావు జరిగిన చోటే నమోదవుతుంది. చీపురుపల్లి మనిషి కేజీహెచ్‌లో పోతే ఆ మరణం విశాఖ నగరపాలక సంస్థ రిజిస్టరులోకి వెళ్తుంది. మండలాలవారీగా చూసి మా ఊళ్లో చావులు తక్కువ అనుకోవడానికి ఇదొక్కటే చాలు.

ఇదంతా ప్రభుత్వాలు కావాలని దాచాయని చెప్పడానికి కాదు. దాచిన సందర్భాలు ఉండవచ్చు. కానీ ఒక్క అధికారీ అబద్ధమాడకపోయినా ఈ లెక్క ఇంత తక్కువగానే వచ్చి ఉండేది. లోపం లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది.

కారణంతో నిమిత్తం లేని లెక్క ఇంకొకటి ఉంది. ఎవరు ఎందుకు పోయినా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఆ చావు రిజిస్టరుకు ఎక్కుతుంది. మరణ ధ్రువపత్రం లేకుండా బీమా రాదు, వితంతు పింఛను రాదు, పొలం వారసుల పేరు మీదకు మారదు. కాబట్టి ఇంట్లోవాళ్లే వెళ్లి రాయించుకుంటారు. మామూలు ఏళ్లలో ఒక నెలకు ఎన్ని చావులు నమోదవుతాయో తెలిస్తే, మహమ్మారి నెలలో పైబడినవెన్నో తీసివేతతో తెలిసిపోతుంది. వీటిని అదనపు మరణాలంటారు. ఆంధ్రప్రదేశ్ పౌర నమోదు వివరాలను 2021 జూన్‌లో రుక్మిణి ఎస్. అనే డేటా జర్నలిస్టు బయటపెట్టారు. అంతకుముందు ఏళ్లలో మే నెలకు సగటున 27,100 దాకా చావులు నమోదైతే, 2021 మేలో 1.3 లక్షలకు పైగా నమోదయ్యాయి. పైబడినవి లక్ష దాటాయి. ఆ నెలలో బులెటిన్ చెప్పిన కోవిడ్ మరణాలు 2,938.

ఈ లెక్కకు వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది, ముందు నెలల చావులు ఆలస్యంగా మేలో నమోదై ఉండవచ్చు. కొన్ని అలా వచ్చే ఉంటాయి. అయితే నమోదుకు చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. పైగా మేలో రాష్ట్రమంతా కర్ఫ్యూ, ఆఫీసులకు వెళ్లడమే కష్టం, మే చావులే కొన్ని జూన్‌కు జరిగి ఉండాలి. ఒక్క నెలలో దాదాపు అయిదు రెట్లయిన లెక్కను ఆలస్యం ఒక్కటే వివరించలేదు. రెండోది, ఇవన్నీ వైరస్ చావులు కావు, ఆసుపత్రులు మూసుకుపోయి గుండెపోటుకూ డయాలసిస్‌కూ వైద్యం అందక పోయినవాళ్లూ ఇందులో ఉన్నారు. అవును, ఉన్నారు. అదనపు మరణాలు కొలిచేది మహమ్మారి తీసుకున్న మొత్తం ప్రాణాలను. మంచం దొరక్క పోయిన గుండె రోగి ఆ లెక్కలో ఉండాల్సినవాడే. అదే సమయంలో రోడ్లు ఖాళీగా ఉండి ప్రమాద మరణాలు తగ్గాయి కాబట్టి తీసివేతలో వచ్చిన అంకె కొంత తక్కువే చూపుతుంది. మూడోది, ఏటేటా నమోదు మెరుగవుతోంది గనుక అంకె పెరగడం సహజం. ఇది దేశం మొత్తానికి చాలా బలమైన అభ్యంతరం. ఒక రాష్ట్రంలో ఒకే నెలలో ఎగిసి మళ్లీ దిగిన శిఖరానికి మాత్రం వర్తించదు.

సీరో సర్వేనూ బులెటిన్‌నూ ఎదురెదురుగా పెట్టినా ఇదే జవాబు వస్తుంది. 2021 జూలై మొదట్లో 70.2 శాతం మందిలో యాంటీబాడీలున్నాయంటే అందులో టీకా వల్ల వచ్చినవీ ఉన్నాయి. వాటిని ఉదారంగా తీసేసి, రాష్ట్రంలో సగం మందికే, అంటే రెండున్నర కోట్ల మందికే సోకిందనుకుందాం. అప్పటికి అధికారిక మరణాలు దాదాపు 13 వేలు. సోకినవాళ్లలో దాదాపు రెండు వేలకు ఒకరే పోయారని దీని అర్థం. మన జనంలో యువకులు ఎక్కువ నిజమే, అందువల్ల ఐరోపాకంటే మరణాల దామాషా తక్కువ ఉండాలి. అయినా టీకా అందరికీ అందకముందు, డెల్టా రకం విజృంభించి ఆక్సిజన్ కరువైన కాలంలో వెయ్యికి ఒకరిద్దరి కంటే దిగడం నమ్మశక్యం కాదు. సర్వే ప్రభుత్వానిదే, బులెటిన్ కూడా ప్రభుత్వానిదే. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

పరిహారం లెక్క మూడో సాక్ష్యం. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పు తర్వాత కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల చొప్పున ఇవ్వాలని నిర్ణయమైంది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోయినవాళ్లు, ఆసుపత్రి బయట పోయినా సరే, అర్హులు. 2022 జనవరికి తెలంగాణలో అధికారిక మరణాలు 3,993, వచ్చిన దరఖాస్తులు 28,969, ఆమోదించినవి 15,270. ఆంధ్రప్రదేశ్‌లో 36 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దొంగ దరఖాస్తులు లేవా అంటే, ఉన్నాయన్న అనుమానంతోనే 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో అయిదు శాతం దరఖాస్తులను తనిఖీ చేసుకోవడానికి కోర్టు అనుమతించింది. తెలంగాణ విషయంలో దరఖాస్తుల మాట పక్కన పెట్టి, అధికారులే పరిశీలించి ఒప్పుకున్నవి మాత్రమే తీసుకున్నా బులెటిన్ అంకెకు అవి దాదాపు నాలుగు రెట్లు.

జాతీయ స్థాయికి వస్తే ఇంకొంచెం నిదానంగా అడుగేయాలి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021 రెండేళ్లలో భారతదేశంలో 47 లక్షల అదనపు మరణాలు జరిగాయని అంచనా వేసింది. అధికారిక లెక్క 4.81 లక్షలు. అంచనా కట్టిన పద్ధతిని కేంద్ర ప్రభుత్వం గట్టిగా తప్పుబట్టింది. కొన్ని రాష్ట్రాల వివరాల నుంచి దేశమంతటికీ నమూనాతో విస్తరించడం మీద అభ్యంతరం అర్థంలేనిది కాదు. అయితే మన సొంత లెక్కలు ఏం చెబుతున్నాయి? పౌర నమోదులో 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 102.2 లక్షల చావులు ఎక్కాయి. ఇందులో నమోదు మెరుగుపడటం వల్ల పెరిగింది కూడా ఉంది. 2018 నుంచి 2019కి, ఏ మహమ్మారీ లేకుండానే, దాదాపు ఏడు లక్షలు పెరిగాయి మరి. ఆ సందేహం తగలని లెక్క నమూనా నమోదు వ్యవస్థది. ఎంపిక చేసిన ఊళ్లలో ఇంటింటి వివరాలు పదేపదే సరిచూసుకునే పద్ధతి అది. దాని ప్రకారం వెయ్యి మందికి ఏటా మరణాలు 2019లో 6.0, 2020లోనూ 6.0, 2021లో 7.5. దాదాపు 140 కోట్ల జనానికి ఆ ఒకటిన్నర తేడా అంటే ఒక్క ఏడాదిలో ఇరవై లక్షల పైచిలుకు ప్రాణాలు. ఆ ఏడాది బులెటిన్‌లు చెప్పిన కోవిడ్ మరణాలు 3.3 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఎక్కువ కావచ్చు. అధికారిక లెక్క మాత్రం చాలా తక్కువ, ఆ సంగతి మన రిజిస్టర్లే చెబుతున్నాయి.

ఈ తక్కువ లెక్క కొత్త జబ్బేమీ కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు చీపురుపల్లి మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఊళ్లో చావులు రాసేది గ్రామ మునసబు. అతని రిజిస్టరులో కలరాకు, మశూచికి, ప్లేగుకు గళ్లున్నాయి. ఇన్‌ఫ్లుయెంజాకు లేదు. ఆ చావులు ఎక్కువగా ‘జ్వరాలు’ అనే గడిలో పడిపోయాయి. దేశం మొత్తం మీద 60 లక్షల మంది పోయి ఉంటారని 1919లో శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ తొలి నివేదికలో అన్నాడు. 1921 జనగణన చూస్తే పదేళ్లలో నేటి భారత భూభాగపు జనాభా పెరగడం మాని తగ్గింది. తర్వాతి జనాభా శాస్త్రజ్ఞులు మామూలు ఏళ్ల చావులతో పోల్చి కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా లెక్కగట్టారు. నూరేళ్ల తర్వాత మనం వాడుతున్నదీ ఆ తీసివేతే.

అంకెలు ఎక్కువని చెబితే జనం బెదిరిపోతారన్న వాదన ఒకటి వినిపిస్తూ ఉంటుంది. తక్కువ అంకె చేసే హాని అంతకంటే పెద్దది. రెండో ఉధృతిలో రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లూ ఆక్సిజన్ కోటాలూ రాష్ట్రాలకు యాక్టివ్ కేసుల లెక్కను చూసే పంచారు. లెక్కకు రాని ఊరికి సిలిండరూ రాదు. పరిహారం విషయంలోనూ కాగితం లేని చావుకు ఇంట్లోవాళ్లు అనుభవించిన అవస్థ మనకు తెలిసిందే.

2024 అక్టోబరులో చీపురుపల్లి పక్కనే ఉన్న గుర్లలో అతిసారం ప్రబలింది. పెద్ద ప్రాంతమేమీ కాదు, చనిపోయినవాళ్ల పేర్లు స్థానికులందరికీ తెలుసు. అయినా ఎందరు అతిసారంతో పోయారు, ఎందరు పాత జబ్బులతో పోయారన్న దాని మీద అధికారులది ఒక లెక్క, ప్రతిపక్షానిది ఒక లెక్క అయింది. వేళ్ల మీద లెక్కపెట్టగల చోటే కారణం దగ్గర పేచీ వస్తే, కోట్ల జనాభా మీద రోజూ సాయంత్రం వచ్చే ఒక్క అంకెను ఎంతవరకు నమ్మాలో పాఠకులే ఆలోచించాలి. ముందుముందు ఈ జిల్లా లెక్కలు చూసేవాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు పార్వతీపురం వైపు మండలాలు విజయనగరం నుంచి వెళ్లిపోయాయి, శ్రీకాకుళం నుంచి రాజాం వైపు మండలాలు వచ్చి చేరాయి. అదే పేరు, వేరే జిల్లా. పాత ఏడాదితో కొత్త ఏడాదిని నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది.

2021 పౌర నమోదు నివేదికను కేంద్రం విడుదల చేసింది 2025 మేలో, నాలుగేళ్ల తర్వాత. వచ్చే మహమ్మారిలో అంత ఆలస్యం కూడదు. ప్రతి నెలా ప్రతి జిల్లాలో నమోదైన మొత్తం చావుల లెక్క మరుసటి నెలలోనే బయటపెట్టాలని అడగాలి. ఆ లెక్క గట్టిగా ఉండాలంటే మన వంతు పని కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోపు నమోదు చేయించండి. చివరగా చూసిన వైద్యుణ్ని మరణ కారణం రాసి ఇమ్మని అడగండి. ఆ ధ్రువపత్రానికి ఫీజు తీసుకోకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది.